చైనుకి ఆయిలు అందడం లేదు

ఆ వీధిలో ప్లంబర్లు ఇద్దరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. పెద్ద ప్లంబరు మామగారు, చిన్న ప్లంబరు అల్లుడు. అసలు పేర్లు లేక కాదు, కుళాయి కారిపోతుంటే పేరు ఎవడికి గుర్తొస్తుంది? "ఓ పెద్ద ప్లంబరూ!" అంటే మామగారు తల తిప్పుతాడు. "చిన్న ప్లంబరూ!" అంటే అల్లుడు వినపడనట్టు నడిచిపోతాడు. ఆ పిలుపంటే అతనికి ఒళ్ళు మంట. నెత్తిన జుట్టు పలచబడుతున్నా "చిన్న" పోలేదు, మనసు ఎప్పుడో విరిగిపోయినా "ప్లంబరు" పోలేదు.

పైపుల పని చెడ్డదని కాదు. ఆ పనిలో చేసిందేదీ కంటికి కనిపించదు. గోడ తవ్వాలి, బిగించాలి, మళ్ళీ గోడ పూడ్చాలి. లోపల ఏం జరుగుతోందో ఆ దేవుడికే తెలియాలి. చెట్టు కొట్టే పని అలా కాదు, పొద్దున ఉన్నది సాయంత్రానికి ఉండదు, కొట్టినవాడెవడో దారిన పోయేవాళ్ళందరూ చూస్తారు. అందుకే, టింబరు డిపో గేటు దగ్గర కూర్చునే గడ్డం మేస్త్రి తన చైన్ రంపం అమ్మేస్తానన్నప్పుడు అల్లుడు ముందూ వెనకా చూడలేదు. మోకాళ్ళు అరిగిపోయి చెట్లెక్కడం మానేశానని మేస్త్రి చెప్పాడు. ఇంట్లో ఒక్క మాటైనా అనకుండా ఇతను కొని తెచ్చేసుకున్నాడు.

వసారాలో దాన్ని దింపగానే మామగారు కుర్చీలోంచే అడిగాడు. "పాతదా?"

"పాతదే మామయ్యా, పాడైంది కాదు."

"పాడవకపోతే వాడెందుకు అమ్ముతాడు?"

అల్లుడి దగ్గర జవాబు ఉంది, మోకాళ్ళ జవాబు. కానీ మామగారు అడిగేది జవాబు కోసం కాదని అతనికి తెలుసు. రంపాన్ని గోడ వారకి జరిపాడు.

అదృష్టం కొద్దీ మొదటి పని వెంటనే దొరికింది. ప్రింటింగ్ ప్రెస్సు వెనక పెరట్లో ఎండిపోయిన పెద్ద చెట్టు ఒకటి ఉంది. దాని లావుపాటి కొమ్మ కాగితాల గోడౌను రేకుల మీదికి ఒరిగింది. వానలు పడేలోపు దింపకపోతే రేకులూ పోతాయి, కాగితమూ పోతుంది. చుట్టూ ఉన్న చిన్నాచితకా కొమ్మలు వారంలో తీసేసి, ప్రెస్సు మూసి ఉండే ఆదివారం నాడు ఆ పెద్ద కొమ్మ దింపాలని మేనేజరమ్మ చెప్పింది. ఆదివారం దాటితే వేరేవాళ్ళని పిలుస్తానని కూడా అదే నోటితో చెప్పింది.

ఆ రోజు భోజనాల దగ్గర మామగారు లెక్క తేల్చేశాడు. "సరే అల్లుడూ. ఆ కొమ్మ దింపావంటే ఇక నా నోట పైపు మాట రాదు. దింపలేకపోయావో, ఆ రంపం ఆ గడ్డం వాడి మొహాన పడేసి సోమవారం నుంచి నా పనిముట్ల సంచి నీ భుజానికి తగిలించుకోవాలి. మళ్ళీ చెట్టు అనకూడదు."

"ఇదేం పందెం నాన్నా, చిన్నపిల్లల్లాగా," అంది అల్లుడి భార్య.

"నాకు సమ్మతమే," అన్నాడు అల్లుడు. అతనికి ఉత్సాహం ఎక్కువైంది. "ఇన్నేళ్ళు మీ దగ్గర పనిచేశాను. నేను బిగించిన జాయింటు కారిందని ఒక్కడైనా మన గుమ్మం ఎక్కాడా మామయ్యా? పని తెలిసిన చేతికి పైపైనా ఒకటే, రంపమైనా ఒకటే."

మామగారు కంచంలోకి చూస్తూ తింటున్నాడు. భార్య తండ్రి వైపు ఒకసారి చూసి, మొగుడి గ్లాసులో అడగకుండానే నీళ్ళు పోసింది.

మొదట్లో రంపం బాగానే పనిచేసింది. తర్వాత ఒకరోజు, ప్రెస్సు పెరట్లో మోడు ఒకటి కోస్తుండగా, కమురు వాసన వేసింది. చూస్తే చైను పొడిగా ఉంది. చైను తిరిగే పొడవాటి ఇనుప పట్టీని బారు అంటారు, దాని అంచు కాలిపోయి నీలంగా మారింది. చైన్ రంపానికి రెండు ట్యాంకులు ఉంటాయి. ఒకదాంట్లో పెట్రోలు, అది ఇంజనుకి. రెండోదాంట్లో ఆయిలు, అది చైనుకి. ఇంజను తిరుగుతున్నంతసేపూ లోపలి పంపు ఆ ఆయిలుని బారు గాడిలోకి తోస్తూనే ఉండాలి. తొయ్యకపోతే ఇనుము మీద ఇనుము రాసుకుని ముందు పొగ, తర్వాత చైను తెగడం. చెట్టు మీద ఉన్నప్పుడు చైను తెగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆయిలు అయిపోయిందేమోనని మూత తిప్పాడు. స్... అంది. ట్యాంకు ముప్పాతిక వంతు నిండుగానే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి గాడి చూశాడు. రంపపు పొట్టు, పాత జిడ్డు కలిసి గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. హమ్మయ్య, దొంగ దొరికాడు అనుకున్నాడు. బారు ఊడదీసి, పాత బ్లేడు ముక్కతో గాడి పొడుగూతా గీకి శుభ్రం చేశాడు. ఆయిలు పోసి, స్టార్ట్ చేసి, బారు కొసని ఒక అట్టముక్క మీదికి పట్టుకుని ఇంజను పెంచాడు. అట్ట మీద సన్నగా ఆయిలు గీత పడింది. అలా పడితే చైనుకి ఆయిలు అందుతున్నట్టు. భార్యని పిలిచి మరీ చూపించాడు.

మర్నాడు ప్రెస్సు దగ్గర మళ్ళీ కమురు వాసన.

అప్పటినుంచి అతని బతుకు అదే అయింది. ఇంజను నుంచి బారులోకి ఆయిలు దిగే చిన్న బెజ్జంలో సన్నతీగ దూర్చి కుళ్ళగించాడు. ఇంట్లో గీత పడింది, పనిలో పొగొచ్చింది. ట్యాంకు అడుగున ఉండే జాలీని కొక్కెంతో బయటికి లాగి పెట్రోలుతో కడిగాడు. ఇంట్లో గీత, పనిలో పొగ. ఆయిలు మరీ చిక్కగా ఉందేమోనని పలచటిది తెచ్చి పోశాడు. బారుని తలకిందులు చేసి బిగించాడు. ఆయిలు ఎక్కువ తక్కువలు చేసే మర ఒకటి ఉంటే దాన్ని ఆ చివరికంటా తిప్పాడు. ప్రతిసారీ సరిగ్గా ఇదే తప్పు అని ఒట్టేసి చెప్పగలననుకున్నాడు. ప్రతిసారీ వసారాలో గీత పడింది. ప్రతిసారీ ప్రెస్సు పెరట్లో, ఒక మాదిరి దుంగ పూర్తయ్యేసరికి, చైను ఎండిపోయింది.

"అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా," అంది భార్య. "ట్యాంకు నిండా ఆయిలుంది, చైను మాత్రం పస్తు."

"నవ్వు, నవ్వు. ఇంట్లో పులి, బయట పిల్లి అయింది నా పని."

"మీ పనా, రంపం పనా?"

అతనికి అదే తెలియడం లేదు. తెలిసిన కొద్దీ అయోమయం ఎక్కువవుతోంది. ట్యాంకు నిండా పోసిన రోజు ఆయిలు ఇంకా త్వరగా ఆగిపోతోంది, సగమే పోసిన రోజు కాసేపు నయం. ఎక్కువ పోస్తే తక్కువ రావడం ఏ లోకపు న్యాయం? పైగా మొదట్లో రాత్రికి రంపం కింద వేసిన అట్ట మీద పెద్ద మరక పడేది, ఇప్పుడు చుక్క పడటం లేదు. వసారా శుభ్రంగా ఉందని భార్య సంతోషిస్తోంది. కారాల్సినప్పుడు కారదు, కారకూడనప్పుడూ కారదు. ఆయిలుకి కాళ్ళొచ్చి ట్యాంకులోనే ఓ మూల నక్కిందా? అన్నం తింటూ, పడుకుని, పళ్ళు తోముకుంటూ కూడా అతను పంపు గురించే ఆలోచించాడు.

చివరికి రంపం భుజాన వేసుకుని టింబరు డిపోకి వెళ్ళాడు. గడ్డం మేస్త్రి దాన్ని చూడగానే దారి తప్పి ఇల్లు చేరిన పిల్లని చూసినట్టు రెండు చేతులూ చాపి అందుకున్నాడు. మూత తిప్పి ఆయిలు చూశాడు. మూత పెట్టాడు. స్టార్ట్ చేసి దగ్గర్లో ఉన్న చెక్క మీదికి పట్టాడు. చెక్క మీద కోరమీసం లాంటి గీత.

"బంగారంలా ఉంది కదయ్యా!"

"పని దగ్గర ఎండిపోతోంది మేస్త్రీ."

"నా దగ్గర ఇన్నేళ్ళుంది. చెట్టు మీద ఉన్నా ఎండలే, నేల మీద ఉన్నా ఎండలే." మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "తప్పుగా అనుకోకు. రంపానికి మనిషిని బట్టి..."

"అంటే ఆడలేక మద్దెల ఓడు అంటున్నాననా?"

"నేనలా అన్లేదు. నువ్వే అనుకున్నావు."

తిరిగొచ్చే దారంతా అతనికి ఆ మాటే. నిజంగా తన చేతిలోనే ఏదైనా ఉందా? పెళ్ళి కాకముందు సైకిలు పంపులు కూడా తన చేతిలోకి రాగానే మొరాయించేవి. కానీ పైపుల పనిలో తనకి ఎప్పుడూ మాట రాలేదే. ఆ ఒక్క ధైర్యం పట్టుకుని ఇల్లు చేరాడు.

వసారాలో మామగారు కూర్చుని ఉన్నాడు. "ఏమంటాడు వాడు?" అని అడిగాడు.

"ఏమీ లేదంటాడు."

"చెప్పానా." ఆ మాటలో ఎగతాళి లేదు. కానీ అల్లుడికి ఉన్నట్టే వినిపించింది.

శనివారం వచ్చేసింది. ఉన్న చిన్న కొమ్మల్లో ఆఖరిది కోసేసరికి చైను మళ్ళీ పొగలు కక్కింది. రేపు పెద్ద కొమ్మ. ఎండు చెక్క, లావు చెక్క, నిచ్చెన మీద నిలబడి కొయ్యాలి, మధ్యలో ఆపడానికి లేదు. ఇక అయిపోయింది అనుకున్నాడు. సోమవారం నుంచి సంచి. జీవితాంతం చిన్న ప్లంబరు. రంపాన్ని పక్కన పెట్టి, ప్రెస్సు వరండాలో మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చేలా ఉంది గానీ ఏడవడానికి కూడా ఎవరి మీద ఏడవాలో తెలియలేదు.

పుస్తకాలు కుట్టే ఆవిడ ఒకామె సీసా పట్టుకుని వచ్చింది. డ్రమ్ముకి అడుగున టాపు ఉంది. తిప్పితే ధారగా మొదలై, సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

"అయిపోయాయా?" అన్నాడతను, ఏదో ఒకటి అనాలని.

"నిండా ఉన్నాయి. ఎవరో మూత బిర్రుగా నొక్కేశారు." ఆవిడ మూతని ఒక పక్క కొంచెం లేపింది. గుళుక్కుమని శబ్దం వచ్చి, నీళ్ళు సీసాలోకి భళ్ళున దూకాయి. సీసా నింపుకుని ఆవిడ తన దారిన వెళ్ళిపోయింది.

అతను మెట్టు మీదే ఉన్నాడు. పైనుంచి గాలి పోకపోతే కిందనుంచి నీళ్ళు రావు. ఇది ప్లంబరు ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. మామగారు ప్రతి ట్యాంకుకీ గాలి గొట్టం పెట్టేది అందుకేగా. మూత తిప్పినప్పుడల్లా స్... అనేది మరి ఏమిటి? అది గాలి. లోపలికి పోవడానికి దారిలేక, మూత తియ్యగానే దూసుకుపోయే గాలి. తను ప్రతి మరమ్మతుకీ మూత తీశాడు, అందుకే ప్రతి మరమ్మతూ పనిచేసినట్టుంది. మేస్త్రీ మూత తీశాడు!

లేచి పరుగెత్తాడు. రంపం మూత ఒక చుట్టు వదులు చేసి స్టార్ట్ చేశాడు. అట్ట మీద గీత పడింది, పడుతూనే ఉంది. కానీ మూత వదులుగా పెట్టుకుని, రంపాన్ని అడ్డంగా తిప్పి కొయ్యడం కుదరదు, ఆయిలంతా ఒలికిపోతుంది. గాలికి దాని దారి దానికి ఉండే ఉంటుంది. మేస్త్రికి ఫోను చేశాడు.

"గాలి పీల్చే బెజ్జమా? ఎందుకుండదు? పక్క డొప్ప విప్పితే బారు మొదట్లో, సూది మొనంత. రంపం పడుకోబెడితే అందులోంచే కాస్త కారుద్ది. ఆ కారడం మామూలే, పట్టించుకోకు."

పక్క డొప్ప విప్పాడు. ఇన్నిసార్లు శుభ్రం చేసిన చోటే. బెజ్జం లేదు. ఉండాల్సిన చోట బూడిదరంగు లోహం నున్నగా ఉంది, ఎంత నున్నగా ఉందంటే అది కంపెనీవాళ్ళ పనే అనుకుని ఇన్నాళ్ళూ దాని మీదనుంచే గుడ్డ పెట్టి తుడిచాడు. గోటితో గీరాడు. అది లోహం కాదు. పైపు పగుళ్ళకి పెట్టే సీలు ముద్ద. తడి బొటనవేలితో రుద్దినట్టు నున్నగా ఉంది. అంచు చుట్టూ గోటితో గీసిన సన్నటి గీత కూడా ఉంది, గట్టిపడ్డాక అంచు లేచిపోకుండా.

ఆ గీత గీసేవాడు అతనికి తెలిసినంతలో ఒక్కడే ఉన్నాడు.

ముందు నమ్మబుద్ధి కాలేదు, తర్వాత నమ్మకుండా ఉండే దారి కనపడలేదు. పందెం పెట్టిన చేత్తోనే బెజ్జం మూశాడా ముసలాయన? తనని మళ్ళీ సంచి కిందికి లాగడానికి ఇంత పనిచేస్తాడా? చైను తెగి మొహానికి కొట్టుకుంటే కూతురి గతేమిటని కూడా అనుకోలేదా? తీగ మొనతో ముద్దని ఒలిచేసి, డొప్ప బిగించి, ఇంటికి నడిచాడు.

మామగారు వసారాలో ఒక పాత కుళాయి విప్పుకుని కూర్చున్నాడు. అల్లుడు రంపాన్ని ఆయన ముందు పెట్టి, ఒలిచిన ముద్ద పెంకుని అరచేతిలో చూపించాడు.

"ఇది మీ పనేనా మామయ్యా?"

మామగారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. మొహం విప్పారింది. "నా పనే. ఎలా కనిపెట్టావ్? తేడా తెలీకుండా చేశాననుకున్నానే!"

దొంగకి తేలు కుట్టినట్టు ఉంటాడనుకున్న మనిషి, మెచ్చుకుంటారేమోనని చూస్తున్నాడు.

"ఎందుకు చేశారు?"

"ఎందుకేంటి, కారుతుంటే! నువ్వు తెచ్చిన కొత్తల్లో పొద్దున లేచి చూస్తే అట్టంతా ఆయిలు. గడ్డం వాడు నీకు కారే సరుకు అంటగట్టాడని అర్థమైంది. చెప్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావు. అడక్కుండా కొన్నావని దెప్పినట్టుంటుంది. నువ్వు నిచ్చెన కోసం వెళ్ళిన రోజు విప్పి చూశా. సూది మొనంత బెజ్జం, దాన్ని పట్టుకోవడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత చుక్క పడిందా?"

"పడలేదు. చైను మీద కూడా పడలేదు. అది గాలి బెజ్జం మామయ్యా."

మామగారు కుళాయి కింద పెట్టాడు. ఎన్ని ఇళ్ళ డాబాల మీద ఎన్ని ట్యాంకులకి గాలి గొట్టాలు పెట్టిన మనిషో! పెంకుని అల్లుడి చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"కారేది కనబడితే నాకింకేం కనబడదు," అన్నాడు నెమ్మదిగా. "అయితే ఈ వారమంతా నువ్వు నా వల్లే..."

"పని చెడాలని కావాలనే చేశారనుకున్నాను."

"కావాలనే చేశాను. చెడాలని కాదు."

అల్లుడికి కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దింపుకోవడానికి మాత్రం ఇష్టం లేదు. "నాతో ఒక్క మాట అనొచ్చుగా? నా వస్తువు మీద, నాకు తెలీకుండా, నా వెనకాల..."

"ఇదేమన్నా కొత్తా?" అంది గుమ్మంలోంచి భార్య. అని, నాలిక కరుచుకుంది.

"ఏది కొత్త కాదు?" అన్నాడతను.

ఆమె తండ్రి వైపు చూసింది. "చెప్పెయ్యి. ఎలాగూ నోరు జారావు," అన్నాడు మామగారు.

"మీరు పనిచేసొచ్చిన ఇళ్ళకి సాయంత్రాలు నాన్న వెళ్ళొస్తాడండీ. మీరు బిగించింది ఒకసారి చూసి... అన్నిటికీ కాదు."

"చాలావాటికి," అన్నాడు మామగారు. జాయింట్ల విషయంలో ఆయన అబద్ధం చెప్పలేడు.

సాయంత్రం నడకకి సంచి ఎందుకు మామయ్యా అని అల్లుడు ఒకసారి అడిగాడు. భుజాన బరువు లేకపోతే నడక రాదు అన్నాడాయన, ఇద్దరూ నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళ తన పనితనం, ఒక్కడూ గుమ్మం ఎక్కని పనితనం, గోడల వెనక ఎవరు కాపాడుతూ వచ్చారో ఇప్పుడు తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ చెయ్యి వణుకుతుంది. నా చెయ్యి ఎలాగూ వణుకుతోంది. ఒక ఇంట్లో రెండెందుకని."

"మరి నాకు రాని పనికి మళ్ళీ నన్నెందుకు లాగుతున్నారు? ఆ పందెం ఎందుకు పెట్టారు?"

మామగారు కుళాయి మళ్ళీ తీసుకుని మరలు తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"నువ్వు బిగించింది కారితే సాయంత్రం వెళ్ళి సరిచేసి రాగలను. నువ్వు చెట్టు మీద నుంచి జారితే ఏం సరిచేస్తాను? ఆ పని నాకు తెలీదు అల్లుడూ. అక్కడికి నీ వెనక నేను రాలేను."

ఆ రాత్రి ఎవరూ పందెం మాట ఎత్తలేదు. అది ఉందో పోయిందో కూడా అల్లుడికి తెలియలేదు. రంపం బాగుపడింది, అతనే పాడయ్యాడు. పైపుల పని వచ్చనుకున్నాడు, రాదని తేలింది. చెట్ల పని వచ్చనుకుంటున్నాడు, అది రాదని ఎవరు చెబుతారు? మామగారైతే చెప్పరు. కొమ్మే చెప్పాలి.

ఆదివారం ప్రెస్సు నిశ్శబ్దంగా ఉంది. అతను పెద్ద కొమ్మకి తాడు కట్టి, పై పంగలోంచి కిందికి తెచ్చి, పెరట్లో ఇనుప స్తంభానికి చుట్లు వేశాడు. కొసని వాచ్‌మన్ చేతిలో పెట్టబోతుంటే గేటు చప్పుడైంది. మామగారు, ఉతికిన చొక్కా, వట్టి చేతులు.

"ఆ తాడు నేను పట్టుకుంటా," అన్నాడు.

"మామయ్యా, మీ చేతులు..."

"స్తంభం మోస్తుందిగా బరువు. నేను పట్టుకునేదే కదా."

కొమ్మ పడే దారికి దూరంగా, గోడ పక్కన ఆయన్ని నిలబెట్టాడు. నిచ్చెన ఎక్కి, నడుం బెల్టు కట్టుకుని, రంపం స్టార్ట్ చేశాడు. చైను తడిగా మెరిసింది. ముందు కొమ్మ కింది వైపు కొంచెం కోశాడు, తర్వాత పైనుంచి మొదలెట్టాడు. పొట్టు ఎగిరింది గానీ పొగ రాలేదు. సగం దాటాక కొమ్మ ఒకసారి మూలిగింది. అతను ఇంజను తగ్గించి కిందికి చూశాడు.

మామగారు తల పైకెత్తి చూస్తున్నాడు. తాడు కొస ఆయన పిడికిళ్ళలో వణుకుతోంది.

"అల్లుడూ! ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఇన్నేళ్ళలో ఆయన అతన్ని ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఎప్పుడూ చేసేవాడే గానీ అడిగేవాడు కాదు. కొమ్మ ఎటు తిరుగుతుందో, తాడు చాలుతుందో లేదో, అంతా గజిబిజి. పైన ఉన్నది తనొక్కడే, కనిపించేదీ తనొక్కడికే.

"గట్టిగా పట్టుకోండి! నేను చెప్పేదాకా వదలొద్దు!"

మిగిలింది కోశాడు. ఫట్‌మని విరిగింది. కొమ్మ రేకులకి జానెడు దూరంలో తాడుకి వేలాడి, గిర్రున తిరిగి, పెరటి వైపు వచ్చింది. "కొంచెం వదలండి... కొంచెం... ఆగండి... ఇంకొంచెం వదలండి..." చెప్పినప్పుడల్లా స్తంభం చుట్టూ తాడు కిర్రుమంటూ జారింది, ఆగమంటే ఆగింది. పెద్ద కొమ్మ నేల మీద మెల్లగా పడుకుంది. రేకుల మీద నాలుగు ఎండుటాకులు తప్ప ఏమీ రాలలేదు.

వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. చిన్న ప్లంబరు ఇంజను ఆపి, బెల్టు విప్పి, మెట్టు మెట్టూ చూసుకుంటూ దిగాడు. దిగి, రంపం పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. మామగారు ఇంకా గోడ పక్కనే ఉన్నాడు. తాడు కొస ఇంకా రెండు పిడికిళ్ళలో బిగించే ఉంది, వేళ్ళు తెల్లబడిపోయాయి.

"కొమ్మ దిగిపోయింది కదా మామయ్యా. ఇంకా పట్టుకున్నారేం?"

"కొమ్మ దిగినప్పుడు నువ్వింకా నిచ్చెన మీదే ఉన్నావుగా," అన్నాడు మామగారు. "వదిలెయ్యమని నువ్వింకా చెప్పలేదు."

అల్లుడు దగ్గరికి వెళ్ళి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.